కొక్కేనికి కెటిల్

ఆ ఏడాది కెటిల్ డింప్నా ఇంట్లో ఉంది. అందువల్ల సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే పని కూడా ఆమె మీదే పడింది.

ట్రాబేన్ ఊరి సర్ఫింగ్ క్లబ్బుకి కప్పు లేదు. మొదటి పందెం నాడు కప్పు కొనాలని ఎవరికీ తోచలేదు. పందెం అయ్యాక ఒడ్డున టీ కాచిన కెటిల్‌నే గెలిచిన మనిషి చేతిలో పెట్టారు. అల్యూమినియంది. మూత అప్పటికే పోయింది. ఒక పక్క సొట్ట ఉంది. నిబంధనలు కూడా ఆ టీ తాగుతూ చెప్పుకున్నవే. ఏడాదికి ఒకటే పందెం. అది ఏ రోజో తేల్చేది కిందటేడు గెలిచిన మనిషి. పొద్దున కెటిల్‌ని చిప్స్ కొట్టు బయటి కొక్కేనికి తగిలిస్తే పందెం ఆ రోజే, ఆటు అడుగంటే వేళకి. తగిలించాక దించడం లేదు. గాలి తిరిగినా, అల చచ్చినా, తగిలించిన మనిషికి జ్వరం వచ్చినా దించరు. బోర్డు మీద నిలబడి అందరికన్నా ఎక్కువ దూరం వచ్చినవాళ్ళది కెటిల్. మరుసటేడు రోజు తేల్చే హక్కూ వాళ్ళదే. లెక్క మార్చిలో వచ్చే పాట్రిక్ పండగ నుంచి మళ్ళీ పాట్రిక్ పండగ దాకా.

డింప్నా స్కూలు బస్సు నడుపుతుంది. బస్సు కొండ మలుపు తిరగ్గానే తీరమంతా కనిపిస్తుంది. అక్కడ ఆమె బ్రేకు మీద కాలు వేస్తుంది. ఎంతసేపు వేసిందన్నదాన్ని బట్టి ఇవాళ అలలెలా ఉన్నాయో వెనక కూర్చున్న పిల్లలు చెప్పేస్తారు. చేపలూ బంగాళదుంప చిప్సూ వేపి అమ్మే ఆ కొట్టు ఆమె భర్త లోర్కన్‌ది. లోర్కన్ ఆ కొట్టు మేడ మీది గదిలోనే పుట్టాడు, అలల చప్పుడు వింటూ పెరిగాడు, మోకాలు తడిసేంత లోతుకి ఎప్పుడూ దిగలేదు. సముద్రంలోంచి చేపలు బయటికి రావాలి గానీ మనుషులు లోపలికి పోవడమేంటని అతని ప్రశ్న.

పాట్రిక్ పండగ వెళ్ళిన వారం యూనన్ కొట్టుకి వచ్చాడు. యూనన్ కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. క్లబ్బు పెట్టినవాళ్ళలో ఇంకా నీళ్ళలోకి దిగుతున్నది అతనొక్కడే. ప్రతి పందెంలోనూ దిగాడు, ఒక్కటీ గెలవలేదు. అతని బోర్డు పదడుగులది. మాలో చాలామంది పుట్టకముందుది. దాన్ని మేమంతా తలుపు అంటాం.

ఆ రోజు పడమటి గాలి. అలలు కొండకొమ్ము దాటి విరుగుతున్నాయి. నురగ ఎగిరి రోడ్డు దాటి కొట్టు అద్దాలకి అంటుకుంటోంది. మార్చి నెలంతా మాకు ఇంతే. చలికాలం గాలివానలు ఇసుక మేటల్ని తవ్వి లోపలికి ఈడ్చుకుపోయి ఉంటాయి. ఒడ్డున గులకరాళ్ళు తప్ప ఏమీ మిగలదు. నీళ్ళు ఏడాది మొత్తంలో మరీ చల్లగా ఉండేది కూడా అప్పుడే.

"అమ్మాయ్, నీతో ఓ మాట," అన్నాడు యూనన్.

డింప్నా బల్లలు తుడుస్తోంది. "అప్పు తప్ప ఏదైనా అడుగు."

"మోకాలు మార్చేస్తారట. వేసవిలో ఎప్పుడైనా పిలుస్తామన్నారు."

"మంచిదేగా! నువ్వు మెట్లెక్కుతుంటే చూళ్ళేక మేమే కళ్ళు మూసుకుంటున్నాం."

"మార్చాక బోర్డు మీద లేవకూడదన్నాడు డాక్టరు. మోకాళ్ళ మీద వంగొద్దు, గబుక్కున లేవొద్దు. ఈత కొట్టుకో, నడువు, అంతే అన్నాడు."

డింప్నా గుడ్డ పక్కన పెట్టింది.

"అందుకని కెటిల్ ఆలోగా తగిలించు," అన్నాడు యూనన్. "నాకు పెద్ద అలలు అక్కర్లేదు. నడుమెత్తు చాలు. గాలి నేల మీంచి ఉంటే ఇంకేం కావాలి."

"తగిలిస్తా."

"ఇంకో మాట. నన్ను గెలిపిద్దామని చూడకు. నీ ఆట నువ్వు ఆడు. జాలిపడ్డావని తెలిసిందో, ఆ కెటిల్‌తో నీ నెత్తి మీదే ఒకటేస్తా."

"జాలా? నీ మీదా? పోయినేడు నా అలకి ఆ తలుపు అడ్డమేసుకుని వచ్చావు. నేనింకా మర్చిపోలేదు."

"అది నీ అల కాదు."

"చూశావా, ఇంకా ఒప్పుకోడు!"

లోర్కన్ వంటగదిలోంచి తల బయటపెట్టాడు. "మీ ఇద్దరికీ పేర్లు రాసిస్తాను, ఒక్కో అలకి ఒక్కోటి అతికించుకోండి."

డింప్నా మాటిచ్చింది గానీ, రోజు ఆమె చేతిలో లేదు. ఏప్రిల్ సగం దాకా పడమటి గాలే వీచింది. అలలు వరసలు కట్టకుండా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అటువంటి రోజున కెటిల్ తగిలిస్తే పందెం తేలేది ఎవరు నిలబడ్డారని కాదు, ఎవరు తిరిగొచ్చారని. ఆ తర్వాత గాలి తూర్పుకి తిరిగింది. మాకు తూర్పు గాలి నేల మీంచి వస్తుంది, అల ముఖాన్ని ఇస్త్రీ చేసినట్టు నున్నగా చేస్తుంది. కానీ గాలి బాగున్న రోజున అల లేదు. అల ఉన్న రోజున గాలి లేదు.

ఫియక్రా రోజూ కొట్టుకి వచ్చి ఒకటే పాట పాడేవాడు. అతను వడ్రంగి. క్లబ్బులో అందరికన్నా బాగా ఆడతాడు, ఆ సంగతి అందరికన్నా బాగా అతనికే తెలుసు.

"అక్టోబరు దాకా ఆగు డింప్నా. పందెమంటే అక్టోబరే. తలెత్తు అల, తూర్పు గాలి, నీళ్ళలో వేసవి వేడి ఇంకా దిగదు. ఇప్పుడు తగిలిస్తే కెటిల్‌కే అవమానం."

"కెటిల్‌కి మూతే లేదురా, అవమానమేంటి?"

"తాత కోసం తొందరపడుతున్నావని అందరికీ తెలుసు."

మూల బల్ల దగ్గర టీ తాగుతున్న యూనన్ తలెత్తాడు. "తాత మీ ఇంట్లో ఉంటాడు. నేను నీతో పందెంలో దిగేవాణ్ణి."

"దిగు తాతా, దిగు. నువ్వు లేచి నిలబడేలోపు నేను వెళ్ళి చిప్స్ తినేసి వస్తా."

"తిను. ఆ పొట్టతో మళ్ళీ బోర్డు ఎక్కగలిగితే చూద్దాం."

మే నెలలో ఒక రోజు వచ్చింది. బస్సు మలుపు తిరిగింది, డింప్నా బ్రేకు వేసింది. వేసిన కాలు తియ్యలేదు. నడుమెత్తు అలలు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఎడం ఇచ్చుకుంటూ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కొత్తగా పడుతున్న ఇసుక మేట మీద విరుగుతున్నాయి. తూర్పు గాలి వాటి కొనల్ని వెనక్కి దువ్వుతోంది. వెనక పిల్లలు లేచి నిలబడ్డారు. "ఇవాళేనా? ఇవాళేనా?"

ఇవాళ కాదనుకుంది డింప్నా. కెటిల్ ఇంట్లో ఉంది, బస్సు నిండా పిల్లలున్నారు, ఆటు దగ్గరపడింది. పైగా రేడియోలో గాలి రేపూ ఇంతేనని చెప్పారు, అల కాస్త పెరుగుతుందని కూడా చెప్పారు. రేపు పొద్దున్నే తగిలిద్దాం, అందరూ పనులు సర్దుకుని వస్తారు అనుకుంది.

మర్నాడు పొగమంచు కమ్మింది. మంచు తొలగేసరికి సముద్రం పళ్ళెంలో పోసిన పాలలా ఉంది.

యూనన్ ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉందని డింప్నా లోర్కన్‌తో చెప్పింది. "తిడితే బాగుండేది."

"కావాలంటే నేను తిడతాను," అన్నాడు లోర్కన్.

జూన్ వచ్చింది. జూన్‌తో పాటు ఇసుక తిరిగొచ్చింది. చలికాలంలో పెద్ద అలలు లోపలికి ఈడ్చుకుపోయిన ఇసుకని వేసవిలో చిన్న అలలు రోజుకింత చొప్పున మోసుకొస్తాయి. గులకరాళ్ళు కప్పబడిపోయాయి. ఒడ్డు వాలు తగ్గింది. ఏటి మొగ దగ్గర మేట పెరిగి, ఆటు వేళ దాని వీపు బయటపడసాగింది. మేట తయారైంది గానీ దాని మీద విరగడానికి అలే లేదు. జూలైలో వాయవ్యపు గాలి నీటి మీద ముడతలు పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు. డబ్లిన్ నుంచీ బెల్‌ఫాస్ట్ నుంచీ కుటుంబాలు దిగాయి. రక్షక సిబ్బంది ఈతకి హద్దులుగా ఎర్రా పసుపూ జెండాలు పాతారు. జెల్లీచేపలు వచ్చాయి. క్లబ్బు బోర్డులు షెడ్డులో గోడకి ఆనుకుని నిలబడ్డాయి.

జూలై చివరి శుక్రవారం యూనన్‌కి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరికో జలుబు చేసి వాళ్ళ ఆపరేషన్ వాయిదా పడింది. ఆ చోటు ఖాళీగా ఉంది, వచ్చే గురువారం రాగలరా అని అడిగారు. వద్దంటే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో వాళ్ళకే తెలియదు. వస్తానన్నాడు.

డింప్నా ఆ రోజంతా ఫోనులో వాతావరణం చూస్తూనే ఉంది. శనివారం ఏమీ లేదు. ఆదివారం ఏమీ లేదు. సోమవారం కూడా సున్నా. మంగళవారం నుంచి ఏదో ఉంటుందని ఒక చోట ఉంది, లేదని ఇంకో చోట ఉంది.

"బుధవారం దాకా చూస్తాను," అంది. "చీలమండెత్తు అల కనబడినా తగిలించేస్తాను."

లోర్కన్ విన్నాడు. అతనికి అలల గురించి చెప్పడానికి ఏమీ లేదు గానీ, కెటిల్ అటక మీద పడి మసి పట్టి ఉందని తెలుసు. యూనన్ కోసం తగిలించబోయే కెటిల్ అలా ఉండకూడదనుకున్నాడు. ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉండగా దాన్ని దించి, వెనిగరూ ఇసకా వేసి తోమాడు. సొట్ట పోలేదు గానీ మసి పోయింది. కడిగాడు. వంటగదిలో ఆరబెడదామంటే బల్ల నిండా చేప పళ్ళేలు. వెనక పెరట్లో పిల్లి. బయటికి వచ్చి చూస్తే గోడకి ఎండ పడుతోంది, అక్కడ కొక్కెం ఉంది.

ట్రాబేన్‌లో ఆ కొక్కెం వంక చూసినప్పుడు కొక్కెం మాత్రమే కనిపించే మనిషి లోర్కన్ ఒక్కడే.

పూజ ముగిసింది. చర్చి నుంచి ఊళ్ళోకి దారి చిప్స్ కొట్టు ముందు నుంచే. మొదట వచ్చినవాళ్ళు ఆగారు. వెనకవాళ్ళు వాళ్ళని గుద్దుకుని ఆగారు. ఎవరో సముద్రం వంక చూశారు, మళ్ళీ కెటిల్ వంక చూశారు. కెటిల్ తళతళలాడుతోంది, కొసన నీటి చుక్క వేలాడుతోంది. అంత శుభ్రంగా తోమి తగిలించారంటే పొరపాటు అయ్యుండదని అందరూ అనుకున్నారు.

డింప్నా చర్చి గాయక బృందంలో పాడుతుంది కాబట్టి చివరన బయటికొచ్చింది. ఆమె కొట్టు చేరేసరికి సగం మంది రబ్బరు సూట్లు తొడుక్కోవడానికి పరుగెత్తారు. మిగతా సగం గోడ ముందు నిలబడ్డారు.

"ఏమయ్యా," అంది లోర్కన్‌తో. "ఇదేంటి?"

"కెటిల్."

"కెటిలని నాకూ తెలుసు. అక్కడేం చేస్తోంది?"

"ఆరుతోంది."

"ఆరుతోందా?"

"తోమాను. తడిగా ఉంది. ఎండెక్కడుందా అని చూస్తే..." అప్పుడు లోర్కన్ చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, బోర్డులు చూశాడు, కొక్కెం చూశాడు. "అమ్మబాబోయ్!"

"ఇరవయ్యారేళ్ళయింది నాతో కాపురం చెయ్యబట్టి. ఇరవయ్యారేళ్ళు! ఊళ్ళో పాలు పోసే మనిషికి తెలుసు, నా బస్సెక్కే ఆరేళ్ళ పిల్లకి తెలుసు!"

"దించేస్తాను."

"దించడానికి లేదు!" అని గోడ ముందున్నవాళ్ళంతా ఒక్కసారే అరిచారు.

ఫియక్రా చెప్పులు లేకుండా, సూటు నడుం దాకా తొడుక్కుని వచ్చాడు. సముద్రం చూశాక మిగతా సగం తొడుక్కోలేదు. "ఇది చెల్లదు. తగిలించింది డింప్నా కాదు, లోర్కన్. లోర్కన్‌కి హక్కు లేదు."

"ఎవరి చేత్తో తగిలించాలో నిబంధనల్లో లేదు." మాట్లాడింది యూనన్. అతను జనంలోంచి కర్ర ఊతంతో ముందుకొచ్చాడు. "పొద్దున కొక్కేనికి కెటిల్ ఉంటే ఆ రోజు పందెం. అంతే."

"ఎవరన్నారు?"

"నేనే అన్నా. ఆ రోజు ఆ కెటిల్‌లో టీ కాచింది నేనే. నువ్వు అప్పటికి పుట్టావా?"

"తాతా, అటు చూడు. బాతులు నిలబడి నిద్రపోతున్నాయి. ఏం పందెం పెడతావ్?"

"తగిలించాక అల చచ్చినా దించరు."

డింప్నా అతన్ని పక్కకి తీసుకెళ్ళింది. "ఇది నీకెందుకు పనికొస్తుంది యూనన్? మంగళవారం ఏదైనా రావచ్చు."

"రావచ్చు, రాకపోవచ్చు. మే నెలలో కూడా రేపనుకున్నావు." ఆ మాటలో కోపం లేదు. "కెటిల్ తగిలిన రోజున నేను నీళ్ళలో ఉండాలి. అల ఉంటే సంతోషం. లేకపోతే తడిసి వస్తా."

అమావాస్య వెళ్ళి రెండో రోజు. నీరు బాగా లాగే రోజు. ఆటు మధ్యాహ్నానికి అడుగంటుతుంది. పదకొండింటికల్లా క్లబ్బంతా సముద్రంలో ఉంది. తలుపుని ఇద్దరు మోసుకెళ్ళి నీళ్ళలో దించారు.

అల ఉన్న రోజున సముద్రంలో ఎవరూ ఎవరితో మాట్లాడరు. ఒక్కొక్కరు ఒక్కో చోట, కళ్ళు పడమరకి పెట్టి కూర్చుంటారు. ఆ రోజు చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి అంతా ఒకచోట చేరారు. బోర్డుల మీద కాళ్ళు వేలాడేసుకుని, గుండ్రంగా, పెళ్ళివిందులో బల్ల చుట్టూ కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎవరి కూతురికి పెళ్ళి కుదిరిందీ, ఏ ఇంటి కప్పు కారుతోందీ అన్నీ మాట్లాడుకున్నారు. ఫియక్రా బోర్డు మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒడ్డున సెలవులకి వచ్చిన ఒకావిడ రక్షక సిబ్బందిని అడిగిందట, వాళ్ళంతా అక్కడేం చేస్తున్నారని. క్లబ్బు సమావేశమండీ అన్నాడట ఆ కుర్రాడు.

లోర్కన్ పడవలు దించే సిమెంటు వాలు మీద, నీళ్ళకి రెండు బారల ఎడంలో నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోమని ఎవరూ అనలేదు గానీ ఉండమని కూడా అనలేదు.

"లోర్కన్!" ఎవరో అరిచారు. "టీ పట్రా, నడిచొచ్చేయ్, లోతు లేదు!"

"నేను మునిగితే డింప్నాకి చిప్స్ ఎవరు వేపుతారు?"

"ఇవాళ మునిగినా పర్లేదులే!" అంది డింప్నా.

ఆటు అడుగంటుతోంది. ఏటి మొగ పక్కన నాచు పట్టిన రాళ్ళు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. డింప్నా మాట్లాడుతూనే అటు చూస్తోంది. అన్నిటికన్నా దూరపు రాయి చుట్టూ నీరు ఒక్కసారి కిందికి జారింది. నాచు వేలాడింది. నీరు కాసేపు అక్కడే ఆగి, మళ్ళీ పైకొచ్చి నాచుని లేపింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ జారింది.

సముద్రానికి అవతలి ఒడ్డున ఎక్కడో గాలివాన లేచింది. దాని అలలన్నిట్లోనూ ముందు పరుగెత్తుకొచ్చేవి పొడుగ్గా, పలచగా ఉంటాయి. లోతు నీళ్ళలో అవి కంటికి కనబడవు. మన కిందనుంచి పోయినా తెలియదు. నీటి లోతు తగ్గిన చోటికి వస్తేనే లేచి నిలబడతాయి. ఆ రోజు లోతు అంత తక్కువగా ఉన్నది ఒక్క చోటే, వేసవి తెచ్చిపెట్టిన ఏటి మొగ మేట మీద.

డింప్నా పక్కకి చూసింది. యూనన్ అప్పటికే తలుపు మీద బోర్లా పడుకుని చేతులు వేస్తున్నాడు, మేట వైపు.

"దొంగా!" అంది.

"నువ్వూ చూశావుగా? రా మరి."

ఆమె కూడా చేతులు వేసింది. ఫియక్రా ఒక కన్ను తెరిచాడు. "ఎక్కడికీ ఇద్దరూ? టీకా?"

మేట అంచున నడుంలోతు కూడా లేదు. కాళ్ళు కింద ఆనుతున్నాయి. ఇద్దరూ బోర్డుల మీద కూర్చుని తిరిగి చూస్తున్నారు.

"అల ముందు విరిగే వైపు నేనున్నా," అంది డింప్నా. "ముందు హక్కు నాది."

"తీసుకో. నేనేమన్నా అడిగానా?"

"ముందే చెబుతున్నా."

"చెప్పింది చాలు గానీ చూడు."

మొదటిది మేట దాకా వచ్చి, లేవబోయి, మానుకుంది. రెండోది లేచింది. మోకాలెత్తు. గాలి లేదు, చప్పుడు లేదు. మేట పొడుగునా ఒక గీత గీసినట్టు లేచి, మొగ వైపు నుంచి విరుచుకుంటూ వచ్చింది.

ఇద్దరూ చేతులు వేశారు. డింప్నా ఏం చేసిందో మేమందరం చూశాం. నీళ్ళు చిమ్మేలా, భుజాలు ఊడేలా వేసింది. ఆమె బోర్డు ఆరడుగులది, అక్టోబరు అలల కోసం చేయించుకున్నది. మోకాలెత్తు అల దాన్ని మొయ్యలేదు. కిందనుంచి జారి ముందుకుపోయింది. తలుపు మాత్రం కదిలింది.

యూనన్ చేతుల మీద లేచాడు. బాగున్న మోకాలు ముందుకి తెచ్చాడు. రెండో మోకాలు దాని పక్కకి చేరింది. అక్కడే ఆగాడు. మోకాళ్ళ మీద, బోర్డు అంచులు పట్టుకుని, మేట పొడుగునా పోతున్నాడు.

"లే!" అని అరిచాం. "లే యూనన్!"

"మోకాళ్ళ మీద లెక్కలోకి రాదు!" ఫియక్రా లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత అతనే మాకన్నా గట్టిగా అరిచాడు. "లేవయ్యా తాతా!"

యూనన్ ఒక పాదం బోర్డు మీద పెట్టాడు. చెయ్యి వదిలాడు. రెండో పాదం చాలాసేపు పట్టింది. నిలబడ్డాడు. నడుం వంగి ఉంది, చేతులు రెండు వైపులా చాచి ఉన్నాయి, మొహం ఎటూ తిరగలేదు. అల మేట దాటి ఒడ్డు దారి పట్టింది. జెండాల మధ్య ఈదుతున్న పిల్లలు రెండు పక్కలకీ తప్పుకున్నారు. తలుపు వాళ్ళ మధ్య నుంచి పోయింది. బోర్డు అడుగునుండే రెక్క ఇసుకలో గీసుకుని ఆగింది. యూనన్ బస్సు దిగినట్టు ఇసుక మీదికి దిగాడు.

ఆ తర్వాత ఇంకొన్ని వచ్చాయి. క్లబ్బంతా మేట మీద పడింది. ముగ్గురు పొట్టల మీద కొట్టుకొచ్చారు, ఒకరు లేవబోయి ముందుకి పడ్డారు. ఫియక్రా బోర్డుని ఒక్క అల కూడా కదపలేదు. నీరు పెరగడం మొదలైంది. మేట మునిగింది. అలలు మళ్ళీ కనబడకుండా పోయాయి.

ఒడ్డున వాదన మొదలైంది.

"నిలబడ్డాక ఎంత దూరం వచ్చాడు?" అన్నాడు ఫియక్రా. "ఆ తలుపుకి నాలుగింతలు ఉంటుందేమో."

"నువ్వెంత దూరం వచ్చావు?" అన్నాడు యూనన్.

చుట్టూ నవ్వులు. చివరికి ఫియక్రాయే తలుపుని ఒక కొస పట్టుకుని షెడ్డు దాకా మోశాడు. "ఇంత బరువేంటయ్యా, లోపల ఎవరినైనా పెట్టావా?"

డింప్నా కొక్కేనికున్న కెటిల్ దించింది. అప్పటికి పూర్తిగా ఆరింది. యూనన్ దాన్ని అందుకునే ముందు ఆమె మొహంలోకి చూశాడు.

"నిజం చెప్పు. జాలిపడ్డావా?"

"నీ తలుపు మీద చూపించాల్సింది జాలి కాదు, గొడ్డలి. నా భుజాలు చూడు, ఎత్తలేకపోతున్నా."

"చూశాలే. పళ్ళు కూడా బిగించావు."

"ముందు హక్కు నాది. అది నా అల."

"అది నీ అల కాదు," అని కెటిల్ తీసుకున్నాడు.

లోర్కన్ అందరికీ చిప్స్ పంచుతున్నాడు. ఉప్పూ వెనిగరూ మామూలుకన్నా ఎక్కువ చల్లాడు. "అయితే వచ్చే ఏడాది పందెం రోజు తేల్చేది యూనన్ అన్నమాట," అన్నాడు.

యూనన్‌కి ఆ ముక్క అప్పటిదాకా తట్టలేదు. కెటిల్ వంక చూశాడు. "నేనా? నేను నీళ్ళలోకి దిగనుగా."

"దిగాలని నిబంధనల్లో లేదు," అన్నాడు ఫియక్రా, నోటి నిండా చిప్స్‌తో.

అలలు మంగళవారం నిజంగానే వచ్చాయి. గురువారం యూనన్ ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగొచ్చాక కొండ మీది వాళ్ళ ఇంట్లో అతని చెల్లెలు కుర్చీని మేడ మీది కిటికీ దగ్గరికి జరిపింది. కిటికీలోంచి తీరమంతా కనిపిస్తుంది. కెటిల్ కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.

సెప్టెంబరులో దక్షిణపు తుఫాన్ల అలలు వచ్చాయి. అక్టోబరు ఫియక్రా చెప్పినట్టే ఉంది. ఒక్క అల కూడా వృథాగా పోలేదు. సాయంత్రం మేం ఇంటికి వెళ్ళేసరికి యూనన్ దగ్గర్నుంచి ఫోను వచ్చేది. "రెండో అలకే తొందరపడ్డావు. మూడోది చూశావా ఎలా వచ్చిందో?" నవంబరు నుంచి గాలివానలు. జనవరిలో వరసగా వచ్చిన రెండు తుఫాన్లు ఏటి మొగ మేటని తుడిచిపెట్టాయి. ఏరు దారి మార్చుకుని కొండ పక్కకి వెళ్ళింది. అది అందరికన్నా ముందు చెప్పింది యూనన్. చలికాలంలో మేం కిటికీకి ఎదురుగా కూర్చుని అతని టీ తాగుతూ అతని మాటలు విన్నాం.

పాట్రిక్ పండగ దాటి, రోజు తేల్చే హక్కు యూనన్ చేతికి వచ్చాక, టీ మాత్రమే తాగి వచ్చేసేవాళ్ళు తగ్గిపోయారు. ఫియక్రా బంగడా చేపలు పట్టుకెళ్ళాడు. అడక్కుండానే వాకిలి తలుపు బాగుచేశాడు. "అక్టోబరు తాతా," అని వెళ్ళేముందు ఒకసారి అనేవాడు. డింప్నా బస్సుని కిటికీ కింద ఆపి హారను కొట్టేది. పిల్లలు కిటికీలోకి అరిచేవాళ్ళు, ఇవాళేనా అని. యూనన్ తల అడ్డంగా ఊపేవాడు. ఆ తల ఊపడం అతనికి బాగా అలవాటైందని ఊళ్ళో అనుకున్నారు.

మే నెలలో బస్సు కొండ మలుపు తిరిగింది. డింప్నా బ్రేకు వేసింది. తూర్పు గాలి. నడుమెత్తు అలలు, మధ్యలో ఎడం ఇచ్చుకుంటూ, కొండ పక్క కొత్తగా పడ్డ మేట మీద విరుగుతున్నాయి. వెనక పిల్లలు లేచి నిలబడ్డారు. ఆమె యూనన్ కిటికీ వంక చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. గట్టు మీద కెటిల్ లేదు.

బస్సు కిందికి దిగేసరికి కెటిల్ కొక్కేనికి వేలాడుతోంది. పక్కన యూనన్ నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు. కొండ మీంచి కొట్టు దాకా కొత్త మోకాలితో నడిచొచ్చాడు.

"రేపు ఇంకా బాగుంటుందని రేడియోలో చెప్పారు," అంది డింప్నా కిటికీ అద్దం దించి.

"విన్నా," అన్నాడు యూనన్. "పిల్లల్ని దింపి త్వరగా రా. ఆటు ఆగదు."

లోర్కన్ చేతులు పిండి చేసుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. బస్సు చూశాడు, కెటిల్ చూశాడు. వెంటనే రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను కాదు," అన్నాడు.